‘కియెన్ సాబే?’కి తెలుగు సబ్‌టైటిల్స్: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మధ్యలో దారి తప్పకుండా, పని ఏమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను. 1966లో వచ్చిన ఇటాలియన్ సినిమా ‘కియెన్ సాబే?’కి మొదటి మాట నుంచి చివరి మాట దాకా తెలుగు సబ్‌టైటిల్స్ చెయ్యాలి. చూడబోయేది మా ఇంటి హాల్లో పన్నెండు మంది. అందులో నాకు ముఖ్యం మా మామ, అంటే అమ్మ తమ్ముడు. కాజీపేట స్టేషన్‌లో ఏళ్లతరబడి బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు ఆయనకి పన్నెండేళ్లు. అప్పటి నుంచి గుర్రం, టోపీ, తుపాకీ ఉన్న బొమ్మ ఏదైనా వదల్లేదు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన వెస్టర్న్ సినిమాలు ఇంగ్లిష్ అర్థం కాకపోయినా చూశాడు. వాటిలో మాటలు తక్కువ కాబట్టి నడిచిపోయింది.

ఈ సినిమా అలా నడవదు. ఇందులో మాటే ప్రాణం. మెక్సికో విప్లవం రోజుల్లో సైన్యం దగ్గర తుపాకులు దోచి, విప్లవ సేనాని జనరల్ ఎలియాస్‌కి అమ్ముకునే బందిపోటు ముఠా కథ ఇది. ముఠా నాయకుడు చుంచో. రైలు దోపిడీలో అతనికి బిల్ టేట్ అనే అమెరికన్ కుర్రాడు తగులుతాడు. సూటు, టై, నున్నటి మొహం. చుంచో వాడికి ‘నీన్యో’ అని ముద్దుపేరు పెట్టి ముఠాలో కలుపుకుంటాడు. ఆ కుర్రాడు వచ్చిన పని వేరు. డబ్బు కోసం తుపాకులు అమ్ముతున్నానని చుంచో అనుకుంటాడు గానీ, వాడికే తెలియకుండా వాడిలో ఇంకోటి మొలుస్తూ ఉంటుంది. రెండు గంటల సినిమా అంతా ఆ మొలకే.

చుంచోగా వేసినవాడు జాన్ మరియా వొలొంతే. లియోనె తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’, ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ సినిమాల్లో విలన్ అంటే మామ వెంటనే గుర్తుపట్టాడు. "గాయ్ననా? మంచిగ జేస్తడు" అన్నాడు.

3వ రోజు

ఆన్‌లైన్‌లో తెప్పించిన డిస్క్ మా ప్లేయర్‌లో ఆడలేదు. రీజియన్ కోడ్ వేరే, అంటే ఇంకో ప్రాంతపు ప్లేయర్ల కోసం చేసిన డిస్క్. అమ్మినవాళ్లు ఆ సంగతి ఎక్కడా రాయలేదు. తిప్పి పంపితే పదిహేను రోజులు పోతాయని, కంప్యూటర్‌కి వేరే డ్రైవ్ తగిలించి చూశాను, ఆడింది.

సినిమాకి ఒకటికి మించి కూర్పులు ఉన్నాయి. దేశాన్ని బట్టి కొన్ని సీన్లు కోశారు. అందుకని ఎక్కడో దొరికిన ఇంగ్లిష్ సబ్‌టైటిల్ ఫైల్ నా డిస్క్‌కి సరిపోలేదు. మొదటి ఒకటి రెండు మాటలు బాగానే ఉన్నాయి, పది నిమిషాలకే మాట ఒకచోట, అక్షరం ఇంకోచోట. ముందు కోతల వల్లే అనుకున్నాను. లెక్క వేస్తే తెలిసింది, ఆ ఫైల్ సెకనుకి 25 ఫ్రేముల కాపీకి చేసింది. నా కాపీ 24. పాత యూరప్ టీవీ పద్ధతిలో సినిమాని కొంచెం వేగంగా తిప్పుతారు, గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. గంటకి 2 నిమిషాల 24 సెకన్ల తేడా. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చాక వరుసలు చాలావరకు దారికొచ్చాయి. కోసిన సీన్ల దగ్గర మాత్రం చేత్తో జరపక తప్పలేదు.

మొత్తం 1,046 వరుసలు. రోజుకి అరవై చొప్పున పెట్టుకున్నాను.

6వ రోజు

మొదటి పెద్ద చిక్కు ‘నువ్వు, మీరు’ దగ్గర. నేను చూసి రాస్తున్న ఇంగ్లిష్ వరుసల్లో అందరికీ ఒకటే ‘యూ’. తెలుగులో నోరు తెరవగానే ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో చెప్పెయ్యాలి. చుంచో నీన్యోని ‘నువ్వు’ అంటాడు, అందులో అనుమానం లేదు. నీన్యో చుంచోని ఏమంటాడు? మొదట మర్యాదగా ‘మీరు’ అనిపించాను. రెండు సీన్లు రాశాక తప్పని తెలిసింది. వాడు ఎవరికీ తలవంచే మనిషి కాదు. చుంచోని గౌరవించడు, వాడుకుంటాడు. వెనక్కి వెళ్లి అన్నీ ‘నువ్వు’ చేశాను. ఒక్క మాట మారితే ఆ పాత్ర ఎంత చల్లగా తయారైందో! వేసిన లూ కాస్టెల్ మొహంలో ఉన్న చల్లదనానికి ఇప్పుడు సరిపోయింది.

రెండో చిక్కు ఇంకా గట్టిది. ముఠాలో ఎల్ సాంతో అని ఒకడు ఉంటాడు, క్లావుస్ కిన్‌స్కీ వేశాడు. చుంచోకి సవతి సోదరుడు. ఇంగ్లిష్‌లో ‘బ్రదర్’ అని ఊరుకున్నారు. మనకి అన్నో తమ్ముడో తేల్చకుండా పిలుపే లేదు కదా. సాంతో చేత ‘అన్నా’ అనిపించాను. ముఠాకి పెద్ద చుంచో. పైగా సాంతోకి విప్లవం దేవుడి పని, చుంచోకి బేరం. నమ్మకంతో నడిచే తమ్ముడు, బేరంతో నడిచే అన్న. తుపాకులు అమ్మిన డబ్బు అన్న తీసుకుంటున్నాడని తమ్ముడికి తెలిసే సీన్ ఇంకా రాయలేదు. అక్కడ ఈ ‘అన్నా’ పని చేస్తుందని నా నమ్మకం.

చుంచో పేరు గురించి కూడా ఒక మాట. మా చెల్లెలు వినగానే "చుంచెలుకలా ఉంది" అంది. మార్చాలా అని ఒక పూట ఆలోచించి, మార్చలేదు. మనిషి పేరు మనిషిదే.

9వ రోజు

సాన్ మిగెల్ ఊరి సీన్లు. ఈ సినిమా గుండెకాయ ఇక్కడే ఉంది. ముఠా ఊళ్లోకి వస్తుంది, రైతులు అక్కడి భూస్వామి దొన్ ఫెలిపే మీద తిరగబడతారు. ఆయన ఇంట్లో ఆయన ముందే ఆయన చావు గురించి మాట్లాడుకుంటారు. ధనవంతుణ్ని కాబట్టి చంపుతారా అని ఆయన అడుగుతాడు. కాదు, మేం పేదవాళ్లం కాబట్టి, మమ్మల్ని అలాగే ఉంచడానికి నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు కాబట్టి అని జవాబు.

ఈ రెండు వరుసలకి ఒక సాయంత్రం మొత్తం పోయింది. మొదట రాసింది ఇది:

"నేను ధనవంతుణ్నని నన్ను చంపుతున్నారా?"
"కాదు. మేము పేదవాళ్లం. మమ్మల్ని పేదవాళ్లుగా ఉంచడానికి మీరు సర్వ ప్రయత్నాలూ చేశారు."

చదివితే అర్థమవుతుంది గానీ వార్తాపత్రిక వాసన వస్తోంది. బతుకంతా కూలి చేసిన మనిషి ‘సర్వ ప్రయత్నాలు’ అనడు. నాలుగోసారికి ఇలా కుదిరింది:

"ఉన్నోణ్నని చంపుతారా?"
"కాదు. మేం లేనోళ్లం కాబట్టి. లేనోళ్లుగానే ఉండాలని నువ్వు చెయ్యని పని లేదు కాబట్టి."

‘ఉన్నోడు, లేనోడు’ అనే జంట ఆ ఇంగ్లిష్ వరుసలో లేదు. ఏం ఉంది, ఏం లేదు అని అడగక్కర్లేకుండా మన ఊళ్లో అందరికీ తెలిసిన మాట. ఇక్కడ తెలుగు వరుస ఇంగ్లిష్ వరుస కన్నా బరువుగా పడిందని నాకు అనిపిస్తోంది.

అయితే రైతులు దొన్ ఫెలిపేని ఏమని పిలవాలి? చెయ్యి దానంతటదే ‘దొర’ అని టైప్ చేసింది. వరంగల్ జిల్లాలో పుట్టినవాళ్లకి ఇంకో మాట తట్టదు. మామ కూడా "దొరనే గదా వాడు, ఇంకేమంటవ్?" అన్నాడు. రెండు రోజులు అలాగే ఉంచి, చివరికి తీసేశాను. ఆ మాట వినగానే గడీ, వెట్టి, 1946లో మొదలైన సాయుధ పోరాటం అన్నీ కళ్ల ముందుకొస్తాయి. చూసేవాళ్లు మెక్సికోని వదిలి మా ఊరికి వచ్చేస్తారు. వాళ్ల కష్టం వాళ్లది. దాన్ని మన కష్టంతో కప్పేస్తే వాళ్ల కథ వినబడదు. రైతులు భయపడుతూ మాట్లాడినంతసేపూ ‘అయ్యా’, భయం పోయాక ‘దొన్ ఫెలిపే’, చివర్లో ఉత్త ‘నువ్వు’. మామ ఒప్పుకోలేదు. నేను మార్చలేదు.

10వ రోజు

మామకి మొదటి అరగంట చూపించాను. పట్టాల మీద మిలటరీ ఆఫీసర్ని శిలువ వేసినట్టు కట్టి రైలు ఆపే సీన్ దగ్గర కదలకుండా కూర్చున్నాడు. రైలు కదలకపోతే లోపలివాళ్లు చస్తారు, కదిలితే పట్టాల మీద మనిషి చస్తాడు. డ్రైవర్ గురించి అడిగాడు, సైనికుల గురించి కాదు. ఆ తర్వాత, "వీళ్లు ఎవరి మీద కొట్లాడుతున్నరు బిడ్డా?" అన్నాడు. సినిమా మొదట్లో వెనకనుంచి ఒక గొంతు కొంచెం చెబుతుంది, అది సరిపోలేదు.

అందుకని ఆట రోజున చేతికివ్వడానికి అరపేజీ కాగితం తయారు చేస్తున్నాను. పోర్ఫిరియో దియాస్ 1876లో అధికారంలోకి వచ్చి, మధ్యలో నాలుగేళ్లు తప్ప 1911 దాకా దేశాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆ కాలంలో ఊళ్ల ఉమ్మడి భూములు పెద్ద ఎస్టేట్లలో కలిసిపోయాయి. 1910 నవంబరులో ఫ్రాన్సిస్కో మదేరో పిలుపుతో తిరుగుబాటు మొదలైంది. దియాస్ వెళ్లిపోయాడు, మదేరో వచ్చాడు, 1913లో సైన్యాధికారి వెర్తా కుట్రలో మదేరో హతమయ్యాడు. ఉత్తరాన పాంచో వియ్యా, దక్షిణాన మొరేలోస్ చెరకు తోటల దగ్గర ఎమిలియానో సపాతా. తీసుకున్న భూమి తిరిగి ఇవ్వాలన్నది సపాతా పట్టుదల. 1919 ఏప్రిల్ 10న చినామెకాలో స్నేహం నటించి పిలిచి కాల్చేశారు. ఈ తరహా ఇటలీ సినిమాలకి ‘సపాతా వెస్టర్న్’ అనే పేరు ఆయన వల్లే వచ్చింది. సినిమాలో జనరల్ ఎలియాస్ కల్పిత పాత్ర. కానీ నమ్మించి చంపడం అనేది కల్పితం కాదని ఆ కాగితం చదివినవాళ్లకి తెలుస్తుంది.

ముఠాలో ఉన్న అమ్మాయి అదెలీతా పేరు గురించి కూడా రెండు ముక్కలు చేర్చాను. విప్లవ కాలపు పాటలోని పేరు అది. సైన్యాలతో పాటు నడిచి, వండిపెట్టి, అవసరమైతే తుపాకీ పట్టిన ఆడవాళ్లందరికీ తర్వాత అదే పేరైంది.

13వ రోజు

ఈ రోజు ఒకే ఒక్క సీన్. సాంతో ఫాదరీ బట్టల్లో పైన నిలబడి, శిలువ గుర్తు వేసుకున్నట్టుగా సైనికుల మీదకి బాంబులు విసురుతాడు. తండ్రి పేర ఒకటి, కొడుకు పేర ఒకటి, పరిశుద్ధాత్మ పేర ఒకటి.

నేను రాసింది: "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున." మా పక్కింటి ఆంటీ క్యాథలిక్. ఆమెకి చూపిస్తే, "ఇది ప్రొటెస్టెంట్ల బైబిల్ మాట. మా చర్చిలో పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటాం" అంది. మెక్సికో క్యాథలిక్ దేశం. ఆంటీ చెప్పకపోతే ఇంత పెద్ద తప్పు తెరమీద ఉండిపోయేది. పైగా ఆమె మాట పొట్టిది, ఒక్కో బాంబుకి ఒక్కో మాట సరిపోయింది.

ఇంకా ఒకటి మిగిలింది. వాళ్ల భాషలో ‘పేరట’ అన్నది ముందొస్తుంది, తర్వాత తండ్రి, కొడుకు. మనకి ‘నామమున’ చివర. మూడు వరుసలుగా విడగొట్టి, "పిత...", "పుత్ర...", "పవిత్రాత్మ నామమున!" అని ఒక్కొక్కటి చెయ్యి విసిరే ఫ్రేము దగ్గర పెట్టాను. మూడోది పేలే లోపల ‘నామమున’ చదవడానికి టైమ్ సరిగ్గా సరిపోతోంది. ఇరవైసార్లు తిప్పి చూసుకున్నాను. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన మూడు వరుసలు ఇవే.

16వ రోజు

అక్షరాల పని. పెన్‌డ్రైవ్‌లో సినిమా పక్కనే ఎస్‌ఆర్‌టి ఫైల్ (సబ్‌టైటిల్ వరుసలు ఉండే ఫైల్) పెట్టి టీవీకి తగిలిస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. ‘విప్లవం’ అన్న మాటలో ‘ప’, దాని పక్కన పొల్లు, దాని పక్కన ‘ల’ వేరు వేరుగా నిలబడ్డాయి. తెలుగు అక్షరాలు కూర్చే శక్తి ఆ టీవీకి లేదు. ఏ ఫాంట్ మార్చినా లాభం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంతో సబ్‌టైటిల్స్‌ని బొమ్మలోనే కలిపి అచ్చు వెయ్యడం ఒక్కటే దారి. ప్రతి దిద్దుబాటుకీ మళ్లీ రెండు గంటలు ఆగాలి. సరే.

చదివే వేగం దగ్గర సాఫ్ట్‌వేర్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సెకనుకి ఎన్ని అక్షరాలు అని అది లెక్కపెట్టి ఎర్రగా చూపిస్తుంది. కానీ అది లెక్కపెట్టేది కోడ్‌లో ఉన్న ముక్కల్ని. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం, దాని లెక్కలో ఆరు. ‘విప్లవం’ మనకి మూడు, దానికి ఏడు. ఎర్రగా చూపిన వరుసలన్నీ కుదించుకుంటూ పోయి, మొదటి వారంలో మంచి మాటలు చాలా పాడుచేసుకున్నాను. ఇప్పుడు ఆ హెచ్చరిక కట్టేసి, ప్రతి వరుసనీ పైకి చదివి చూసుకుంటున్నాను. పైకి చదవడం పూర్తయ్యేలోపు వరుస పోతే అప్పుడు కుదిస్తాను.

తెర విషయంలో కలిసొచ్చిన సంగతి ఒకటుంది. సినిమా టెక్నిస్కోప్‌లో తీశారు, బొమ్మ బాగా వెడల్పు. మన టీవీ మీద పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, 1080 వరుసల తెర మీద ఒక్కోటి సుమారు 131 పిక్సెళ్లు. సబ్‌టైటిల్‌ని ఆ నల్లపట్టీలోకి దింపితే స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి, మొహాలు ఏవీ కప్పబడవు. రెండు వరుసలు వస్తే పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు రాసుకుంటున్నాయి. మందంగా ఉండే ఫాంట్లు వదిలేసి నోటో సాన్స్ తెలుగుకి వచ్చాను. సైజు తగ్గించి, వీలైనన్ని చోట్ల ఒకే వరుసకి కుదించాను.

19వ రోజు

పేరు. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఇంగ్లిష్‌లో దీని పేరు ‘ఎ బులెట్ ఫర్ ది జనరల్’. జనరల్‌కి ఒక తూటా. కథలో దాచినదంతా ఆ పేరే బయటపెట్టేస్తుంది. నీన్యో సంచిలో బంగారు తూటా కనిపించినప్పుడు చుంచోకి కలిగే అయోమయం మనకి కలగాలి కదా. ఇటాలియన్లు మాత్రం స్పానిష్ మాటనే ఉంచారు: కియెన్ సాబే? ఎవరికి తెలుసు?

సినిమా చివరి జవాబు కూడా అదే కాబట్టి పేరూ ఆ జవాబూ ఒకటే మాట కావాలి. జనరల్‌ని చంపాక నీన్యో తనకొచ్చిన డబ్బులో సగం చుంచోకి ఇస్తాడు. క్షవరం, స్నానం, కొత్త బట్టలు. స్టేషన్‌లో టికెట్ల కోసం పేదవాళ్లు లైన్లో నిలబడి ఉంటే నీన్యో వాళ్లని నెట్టుకుంటూ ముందుకు పోతాడు. చుంచో చూస్తాడు. తర్వాత నిన్ను చంపాలి అంటాడు. ఎందుకని నీన్యో అడుగుతాడు. అప్పుడొస్తుంది ఆ మాట.

‘ఎవరికి తెలుసు’ అంటే పాఠం చెప్పినట్టుంది. ‘నాకేం తెలుసు’ తప్పించుకోవడం. ‘ఏమో’ దగ్గరగా వస్తుంది, కానీ మరీ తేలిక, చేతిలో తుపాకీ పట్టుకున్నవాడి నోట్లో నిలవదు. చుంచోకి నిజంగానే జవాబు తెలియదు, కానీ చెయ్యాల్సిన పని తెలుసు. ఆ రెండూ ఒకే మాటలో పలకాలి.

సాయంత్రం అమ్మ మామతో ఫోన్లో వానల గురించి మాట్లాడుతోంది. స్పీకర్లో మామ గొంతు: "పడ్తదో పడదో, ఎవరికెరుక." పేరు దొరికింది. ‘ఎవరికెరుక’. తెలంగాణ మాటే, కానీ ‘దొర’ లాగా ఇంకో చరిత్రని మోసుకుని రాదు. ఏ ఊరివాడైనా ఆకాశం వైపు చూసి అనగలిగిన మాట.

22వ రోజు

చివరి వరుసలు. చుంచో ఆ డబ్బంతా స్టేషన్‌లో ఉన్న పేదవాడికి ఇచ్చేసి అరుస్తాడు. "రొట్టెలు కొనకు! డైనమైట్ కొను!" ‘బ్రెడ్’ అని రాస్తే జ్వరం వచ్చినప్పుడు తినేది గుర్తొస్తుంది. ‘తిండి’ అంటే పట్టు పోతుంది. జొన్నరొట్టె తిన్నవాళ్లకి ‘రొట్టె’ అంటే ఏమిటో తెలుసు, మొక్కజొన్న రొట్టె తినే మెక్సికో రైతుకీ సరిపోతుంది.

మాటలు రాసింది ఫ్రాంకో సొలినాస్ అని మర్చిపోవద్దు. అదే 1966లో అల్జీరియా స్వాతంత్ర్య పోరాటం మీద వచ్చిన ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’కి కూడా ఆయనే రచయిత. దర్శకుడు దమియానో దమియానీకి దీన్ని వెస్టర్న్ అనడమే నచ్చేది కాదు. ఇన్నాళ్లు వరుస వరుసా చదివాక నాకూ ఆయన మాట సరిగ్గానే అనిపిస్తోంది. వెస్టర్న్‌లో చివరి తూటా పగ కోసమో డబ్బు కోసమో పేలుతుంది. ఇక్కడ టికెట్ లైన్ కోసం పేలింది. అయినా లియోనె పేరు తెలిసినవాళ్లలో నూటికి పదిమందికి కూడా ఈ సినిమా తెలిసినట్టు లేదు. అది నాకు బాధగా ఉంది.

24వ రోజు

ఆట అయింది. పన్నెండు మంది అనుకుంటే పదిహేడు మంది వచ్చారు. సాన్ మిగెల్ సీన్‌లో "చెయ్యని పని లేదు కాబట్టి" దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. చుంచో వదిలి వెళ్లాక ఆ ఊరి జనాన్ని సైన్యం చంపేసిందని తెలిసి, తనకి వేసిన మరణశిక్షకి అతను ఎదురు చెప్పడు. ఆ సీన్‌లో మాటలు తక్కువ. నేను రాసింది ఎవరూ చదవలేదనుకుంటాను, అందరూ వొలొంతే మొహమే చూశారు. అలాగే చూడాలి.

స్టేషన్ వచ్చింది. నీన్యో లైన్‌లోని మనుషుల్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు. మామ కుర్చీలో ముందుకి జరిగాడు. "లైన్ల నిలవడనోనికి టికెట్ ఇయ్యొద్దు" అన్నాడు, మెల్లగా, ఎవరితోనూ కాదు. చుంచో తుపాకీ తీసినప్పుడు ఇంకేమీ అనలేదు.

అందరూ వెళ్లాక మామ సంచి భుజాన వేసుకుంటూ నన్ను పిలిచాడు. "అంత మంచిగుంది బిడ్డా. గని ఆ ఆఖరి మాట, వాడు అనకముందే అచ్చరం వచ్చింది. వాడు ఆలోచిస్తుండు గదా, ఆడ ఆగాలె."

తిప్పి చూశాను. నిజమే. చదవడానికి టైమ్ ఉండాలని 1,031వ వరుసని మాట కన్నా ముందే మొదలుపెట్టాను. రెండు వరుసల డైలాగుకి అది మంచిదే. ఒక్క మాటకి అక్కర్లేదు. పన్నెండు ఫ్రేములు వెనక్కి జరిపాను, అరసెకను. ఇప్పుడు వొలొంతే గొంతు వచ్చాకే ‘ఎవరికెరుక’ పడుతోంది. మళ్లీ అచ్చుకి పెట్టాను. రెండు గంటలు పడుతుంది.